డైట్ చార్జీల పద్దు బడ్జెట్‌లోకి ఎట్లా ఎక్కుతుంది: నా అనుభవం

హైదరాబాద్‌లో ఒక సంక్షేమ శాఖ కమిషనరేట్‌లో బడ్జెట్ సెక్షన్ చూసి ఈ మధ్యే రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం ఆ సెక్షన్‌లోనే గడిచింది. పెళ్లిళ్లలో బంధువులు కలిస్తే "బడ్జెట్ అంటే మంత్రులూ ఐఏఎస్‌లూ కూర్చుని రాసేది కదా, అందులో మీ పనేముంటది?" అని అడుగుతుంటారు. రెండు ముక్కల్లో చెప్పలేక ఊరుకునేవాణ్ని. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. మొదటి నుంచి చివరిదాకా నా చేతుల మీదుగా నడిచిన ఆఖరి బడ్జెట్ 2025-26ది. అందులో మా శాఖకు ప్రాణం లాంటి పద్దు హాస్టల్ పిల్లల డైట్ చార్జీలు, అంటే వాళ్ల తిండి ఖర్చు. ఆ ఒక్క పద్దు వెంట నడిస్తే రాష్ట్ర బడ్జెట్ ఎట్లా తేలుతుందో చాలావరకు అర్థమవుతుంది.

ముందు ఆ ఏడాది ప్రత్యేకత చెప్పాలి. తెలంగాణ సంక్షేమ హాస్టళ్లు, గురుకులాల్లో డైట్ చార్జీలను ప్రభుత్వం 2024 నవంబర్ నుంచి 40 శాతం పెంచింది. మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు నెలకు 950 రూపాయలు ఉన్నది 1,330 అయింది. ఎనిమిది నుంచి పదో తరగతి వాళ్లకు 1,100 నుంచి 1,540. ఇంటర్ నుంచి పీజీ దాకా 1,500 నుంచి 2,100. ఆడపిల్లల కాస్మెటిక్ చార్జీలు ఏడో తరగతి దాకా 55 నుంచి 175కి, ఎనిమిది నుంచి పది వరకు 75 నుంచి 275కి పెరిగాయి. 1,540 అంటే రోజుకు 51 రూపాయల పైచిలుకు. బియ్యం సివిల్ సప్లైస్ నుంచి వస్తాయి. పొద్దున టిఫిను, రెండు పూటలా కూర, పప్పు, గుడ్డు, సాయంత్రం తినడానికి ఏదో ఒకటి, అన్నీ ఆ 51 రూపాయల్లోనే. పాత రేటులో అది 36, 37 రూపాయలు. కూరగాయల మార్కెట్‌కి పోయేవాళ్లెవరికైనా ఆ తేడా ఎంతో తెలుస్తుంది. జీవో చూసిన రోజు మా సెక్షన్‌లో అందరం సంతోషపడ్డాం. ఆ వెంటనే నేను చూసింది, ఆ ఏడాది బడ్జెట్‌లో ఈ పద్దు కింద ఎంత ఉందని.

ఎందుకంటే 2024-25 పూర్తి బడ్జెట్ అసెంబ్లీలో పెట్టింది 2024 జూలై 25న. పార్లమెంటు ఎన్నికల మూలంగా ఫిబ్రవరిలో ఓటాన్ అకౌంట్, అంటే కొన్ని నెలల ఖర్చుకు తాత్కాలిక అనుమతి, మాత్రమే పెట్టి, మొదటి నాలుగు నెలలు దానితో నడిపారు. ఆ అంకెలన్నీ పాత రేటు మీద కట్టినవే. రేటు నవంబర్‌లో పెరిగింది. పెంచిన రేటుకు డబ్బు బడ్జెట్‌లో లేదు, జీవోలో ఉంది. జీవో ఇచ్చినంత మాత్రాన ట్రెజరీలో బిల్లు పాస్ కాదు. పద్దు కింద ప్రొవిజన్, అంటే కేటాయింపు, ఉండాలి, దాని మీద విడుదల ఉత్తర్వు ఉండాలి. బయటివాళ్లకు ఈ తేడా తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా రాదు. హాస్టల్ వార్డెన్‌కు మాత్రం నెలాఖరుకు తెలిసిపోతుంది.

బడ్జెట్ పని సర్క్యులర్‌తో మొదలవుతుంది. ఆర్థిక శాఖ అన్ని శాఖలకూ ఒకటే సర్క్యులర్ పంపుతుంది: నడుస్తున్న ఏడాదికి సవరించిన అంచనాలు, వచ్చే ఏడాదికి బడ్జెట్ అంచనాలు ఫలానా తేదీలోగా పంపండి అని. అది మా టప్పాల్లోకి రాగానే జిల్లాలకు మెమోలు వెళ్తాయి. జిల్లాల్లో డబ్బు డ్రా చేసే అధికారం ఉన్న ప్రతి అధికారీ, అంటే ప్రతి డీడీవో, తన కింద ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎంతమంది పనిచేస్తున్నారు, ఎవరి మూల వేతనం ఎంత, ఎవరికి ఏ నెల ఇంక్రిమెంటు అని పట్టికలు నింపాలి. వాటినే నంబర్ స్టేట్‌మెంట్లు అంటాం. ఆ పట్టికల్లో పేరు లేనివాడికి వచ్చే ఏడాది జీతం లెక్కలో ఉండదు. అందుకే అవి వచ్చే వారాల్లో మా సెక్షన్‌లో ఎవరూ సెలవు పెట్టరు.

ఇక్కడ పద్దుల గురించి కొంచెం చెప్పాలి. ప్రభుత్వం ఖర్చు పెట్టే ప్రతి రూపాయికీ ఇంటి చిరునామా లాగా ఒక హెడ్ ఆఫ్ అకౌంట్ ఉంటుంది. ముందు నాలుగంకెల మేజర్ హెడ్. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సంక్షేమానికి అది 2225. సాధారణ విద్యకు 2202, వైద్యానికి 2210. ఆ కింద సబ్ మేజర్, మైనర్ హెడ్లు. మైనర్ హెడ్ దాకా దేశమంతా ఒకటే వరస. అక్కడి నుంచి పథకం పేరు, చివరికి దేనికి ఖర్చు అన్నది. ఆ చివరి అంకెలు ఉద్యోగులందరికీ కంఠతా వచ్చు. 010 జీతాలు, 130 ఆఫీసు ఖర్చులు, 140 అద్దెలు. మున్సిపల్ టీచర్లో ఇంకొకరో "మాకు 010 పద్దు కింద జీతాలివ్వాలి" అని ధర్నా చేస్తే బయటివాళ్లకు అదేదో సాంకేతిక గొడవలా కనిపిస్తుంది. ఒకటో తారీఖున జీతం పడుతుందా, గ్రాంటు వచ్చినప్పుడు పడుతుందా అన్న బతుకు ప్రశ్న అది. మా హాస్టళ్లలోనే చూడండి. రెగ్యులర్ కుక్కు, కామాటి, వాచ్‌మన్ 010లో ఉంటారు. అదే వంటగదిలో అదే పని చేసే ఔట్‌సోర్సింగ్ మనిషి 300 కింద, ఇతర కాంట్రాక్టు సేవల్లో ఉంటుంది. ఇద్దరి జీతం ఒకే రోజు రాదు. నంబర్ స్టేట్‌మెంట్‌లో ఆమె లెక్కలో లేదు కాబట్టి ఆమె కోసం విడిగా జస్టిఫికేషన్ రాయాలి. ఏటా రాశాను. అది రాసేటప్పుడు ఎప్పుడూ తొందరపడలేదు.

జీతాల లెక్క సులువే. రేట్లు తెలుసు, మనుషులు తెలుసు, డీఏ ఎన్ని విడతలు రావచ్చో ఊహించి కలుపుకుంటాం. అద్దెలూ కరెంటూ కూడా పాత బిల్లులు చూస్తే తేలిపోతాయి. డైట్ చార్జీలే కష్టం. హాస్టల్ వారీగా, తరగతుల వారీగా పిల్లల సంఖ్య కావాలి. దాన్ని రేటుతో, పది నెలలతో గుణించాలి. సంఖ్య అంటే ఏ సంఖ్య? మంజూరైన సీట్లా, రిజిస్టర్‌లో పేర్లా, రోజూ అన్నం తినే పిల్లలా? మూడూ వేరువేరు. ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలు వంద మంది ఉన్న హాస్టల్‌కు కొత్త రేటులో నెలకు 1,54,000, పది నెలలకు 15,40,000. పాత రేటులో అదే 11,00,000. ఒక్క హాస్టల్‌లోనే ఏడాదికి 4,40,000 తేడా. రాష్ట్రంలో ఉన్న హాస్టళ్లన్నిటికీ వేసుకుంటే ఎంతవుతుందో ఊహించండి. ఇదంతా ఐఎఫ్ఎంఐఎస్ అనే ప్రభుత్వ జమాఖర్చుల కంప్యూటర్ వ్యవస్థలో పద్దు వారీగా ఎక్కించాలి.

స్క్రీన్ మీద ప్రతి పద్దు ఎదురుగా గడులుంటాయి. గడచిన ఏడాది వాస్తవ ఖర్చు, ఈ ఏడాది బడ్జెట్ అంచనా, ఈ ఏడాది ఇప్పటిదాకా అయిన ఖర్చు, సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. మొదటి గడి మనం నింపేది కాదు, అకౌంటెంట్ జనరల్ లెక్కల నుంచి వస్తుంది. బడ్జెట్ అంతా ఆ మొదటి గడి మీద ఆధారపడి నడుస్తుందని ఇన్నేళ్లలో నాకు బాగా తెలిసివచ్చింది. పోయిన ఏడాది ఎంత ఖర్చయిందో చూసి, దాని మీద కొంత వేసి వచ్చే ఏడాదికి ఇస్తారు. మన దగ్గరే అని కాదు, ఎక్కడైనా ఇంతే. లక్షల కోట్ల బడ్జెట్‌లో ప్రతి పద్దునూ ఏటా మొదటి నుంచి ఆలోచించడం మనుషులకు సాధ్యం కాదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ప్రభుత్వ లెక్కలు నగదు లెక్కలు. డబ్బు ఖజానా దాటి పోయినప్పుడే ఖర్చు రాస్తారు. వార్డెన్ సరుకులు తెచ్చాడు, పిల్లలు తిన్నారు, బిల్లు పెట్టాడు, ట్రెజరీ ఆడిట్ చేసి టోకెన్ నంబర్ ఇచ్చింది, ఆ తర్వాత మా ఉద్యోగులు చెప్పుకున్నట్టు "ఈ-కుబేర్‌లో ఆగింది", అంటే రిజర్వ్ బ్యాంకు ద్వారా చెల్లింపులు జరిగే వ్యవస్థ దగ్గర. డబ్బు పడలేదు. మార్చి 31 దాటిపోయింది. లెక్కల్లో ఆ ఖర్చు జరగనే లేదు. పిల్లలు తిన్న అన్నం ఆ ఏడాది లెక్కలో ఎక్కడా కనిపించదు. మరుసటి ఏడాది ఆ బకాయి తీరిస్తే అది ఆ ఏడాది డబ్బును తినేస్తుంది.

దీన్ని అంకెల్లో చూస్తే ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. అర్థం కావడానికి చిన్న అంకెలు తీసుకుంటాను, ఇవి మా శాఖ లెక్కలు కావు. ఒక ఏడాది అవసరం 100 రూపాయలు. చెల్లింపు పడింది 70. బకాయి 30. ఇప్పుడు రేటు 40 శాతం పెరిగింది. వాస్తవ ఖర్చు 70 కాబట్టి దాని మీద 40 శాతం వేస్తే 98. చూసేవాళ్లకు చాలా ఉదారంగా పెంచినట్టే ఉంటుంది. కానీ కొత్త రేటులో అసలు అవసరం 140. పాత బకాయి 30 కలిపితే 170. పెంచిన తర్వాత కూడా, పెంచకముందు కావాల్సిన వందే రాలేదు. ఈ 98కీ 170కీ మధ్య ఉన్న తేడాను సరుకులు అరువిచ్చిన కిరాణా దుకాణదారు మోయాలి, లేదా పిల్లల ప్లేటులో కూర తగ్గాలి. మూడో దారి లేదు.

అందుకే ఆ ఏడాది జిల్లాల నుంచి మామూలు పట్టికలతో పాటు ఇంకొకటి తెప్పించాను. ఏ హాస్టల్, ఏ నెల, ఎంత బిల్లు, టోకెన్ నంబర్ ఎంత, తేదీ ఎప్పుడు. సర్క్యులర్‌లో అది అడగలేదు. మా కమిషనర్ గారికి నోట్ పెడితే "తెప్పించండి, మనకు పనికొస్తుంది" అన్నారు. జిల్లా ఆఫీసుల్లో మొదట గొణుక్కున్నారు. ఒక వార్డెన్ నాకు నేరుగా ఫోన్ చేశాడు. "సార్, ఈ పట్టిక నింపితే పైసలు వస్తయా?" అన్నాడు. వెంటనే రావు, కానీ ఇది లేకపోతే వచ్చే ఏడాది కూడా తక్కువే వస్తాయి అని చెప్పాను. కాసేపు ఆగి, "సేటు నా ఫోన్ ఎత్తుతలేడు సార్, ఇంకో దుకాణం చూసుకున్న, పాత నెలల బిల్లులు కూడా రాసి పంపిస్త" అన్నాడు. ఆ రాత్రికే పంపాడు, టోకెన్ స్లిప్పుల ఫొటోలతో సహా. అందరూ అలా పంపలేదు. కొన్ని జిల్లాల నుంచి మొత్తం అంకె ఒక్కటే వచ్చింది, టోకెన్లు లేకుండా. వాటి మీద కొర్రీ వేసి తిప్పి పంపాం.

మా అంచనాలు కమిషనర్ సంతకంతో సెక్రటేరియట్‌లోని మా శాఖకు, అక్కడి నుంచి ఆర్థిక శాఖకు వెళ్లాయి. ఆ తర్వాత చర్చలకు పిలుపు వచ్చింది.

ఆ గదిలో ఏం జరుగుతుందో చెప్పేముందు, ఆర్థిక శాఖ ఎదురుగా ఏముంటుందో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. వాళ్లు ముందు రాబడి లెక్క వేసుకుంటారు. 2025-26కి రాష్ట్ర సొంత పన్నుల అంచనా దాదాపు 1,45,000 కోట్లు. అందులో జీఎస్టీ, పెట్రోలు మీదా మద్యం మీదా వ్యాట్, ఎక్సైజ్, స్టాంపులు రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను ఉంటాయి. కేంద్ర పన్నుల్లో వాటా దాదాపు 29,900 కోట్లు. ఆ వాటా ఆర్థిక సంఘం చేతిలో ఉంటుంది. పదిహేనో ఆర్థిక సంఘం రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం పంచమంది, అందులో తెలంగాణ భాగం 2.102 శాతం. పద్నాలుగో సంఘం అప్పుడు అది 2.437 ఉండేది. చూడటానికి చిన్న తేడా, దేశం మొత్తం పన్నుల మీద లెక్క వేస్తే వేల కోట్లు. కేంద్రం ఫిబ్రవరి 1న బడ్జెట్ పెట్టినప్పుడే ఏ రాష్ట్రానికి ఎంతొస్తుందో పట్టిక వస్తుంది. అది చేతికొచ్చే దాకా రాష్ట్రం తన అంకెలు తేల్చుకోలేదు. మన బడ్జెట్లు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో రావడానికి అదొక కారణం. ఇక అప్పులు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్తగా అప్పు తేవాలంటే రాజ్యాంగం 293(3) ప్రకారం కేంద్రం అనుమతి కావాలి, కాబట్టి అక్కడా ఒక గీత ఉంటుంది.

ఈ రాబడిలోంచి జీతాలు, పింఛన్లు, వడ్డీలు ముందే పక్కకు పోతాయి. వాటిని ఆపడానికి లేదు. ప్రభుత్వం మాట ఇచ్చిన పెద్ద పథకాలు ఆ తర్వాత. ఆ బడ్జెట్‌లో రైతు భరోసా ఒక్కదానికే 18,000 కోట్లు పెట్టారు. ఇవన్నీ పోగా మిగిలిన దానికోసం అన్ని శాఖలూ వరసలో నిలబడతాయి. శాఖలు అడిగినవన్నీ కలిపితే రాబడికి ఎప్పుడూ మించిపోతాయి. కోయడం ఆర్థిక శాఖ పని. ఎవరో ఒకరు కోయాలి.

చర్చల రోజు మా సెక్రటరీ, కమిషనర్, వెనక వరసలో ఫైళ్లతో నేను. ఎదురుగా ఆర్థిక శాఖలో మా శాఖల పద్దులు చూసే అధికారి ఒక మేడం. చేతిలో మా పట్టికల ప్రింటవుట్లు, పక్కన వాళ్ల సెక్షన్ ఆఫీసర్. మేజర్ హెడ్ నుంచి వరసగా పోతారు. జీతాల దగ్గర ఖాళీ పోస్టులకు ప్రొవిజన్ అడిగారా అని చూస్తారు, అడిగితే కొట్టేస్తారు. ఆఫీసు ఖర్చుల దగ్గర ఎక్కువసేపు ఆగరు. అద్దెల దగ్గర ఆ ఏడాది కొంచెం ఆగారు. 2024 దసరా సెలవుల తర్వాత కొన్ని గురుకులాల అద్దె భవనాలకు యజమానులు తాళాలు వేసిన వార్త రాష్ట్రమంతా చూసింది కాబట్టి, ఆ పద్దును తగ్గించే ఆలోచన ఎవరికీ లేదు.

డైట్ చార్జీల దగ్గరికి రాగానే మేడం తలెత్తారు. "రేటు పెరిగింది 40 శాతం. మీరు అడిగేది వాస్తవ ఖర్చు మీద అంతకు చాలా ఎక్కువ. పైగా పోయిన ఏడాది ఇచ్చిందే పూర్తిగా ఖర్చు కాలేదు. ఎట్లా ఇవ్వమంటారు?"

ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. ఆమె ముందున్న కాగితం అదే చెబుతోంది. కమిషనర్ గారు వెనక్కి చూశారు. నేను లేచి టోకెన్ల పట్టిక ఇచ్చాను. "మేడం, ఖర్చు కాక కాదు, చెల్లింపు కాక. ఈ బిల్లులన్నీ ట్రెజరీ పాస్ చేసినవే. నెలల వారీగా టోకెన్ నంబర్లున్నయి." ఆమె రెండు మూడు పేజీలు తిప్పి, ఒక జిల్లా దగ్గర వేలు పెట్టి, పక్కనున్న సెక్షన్ ఆఫీసర్‌తో సిస్టమ్‌లో చూడమన్నారు. అతను నంబర్లు కొట్టి చూశాడు. పెండింగ్ అని వచ్చింది. ఇంకో జిల్లా చూడమన్నారు. అదీ అంతే. అప్పుడు హాజరు సంగతి అడిగారు. సీట్ల మీద కాక రోజువారీ హాజరు మీద లెక్క కట్టామని చూపించాం. అది మాకు బాగా కలిసొచ్చింది. సీట్ల మీద కట్టి ఉంటే అక్కడికక్కడే కోసేవారు.

అడిగినదంతా ఇవ్వలేదు. కొత్త రేటులో పది నెలల అవసరాన్ని దాదాపుగా ఒప్పుకున్నారు. పాత బకాయిల మాట వచ్చే ఏడాది అంచనాలో వద్దు, ఈ ఏడాది సవరించిన అంచనాలో చూద్దాం, అవసరమైతే అదనపు నిధులకు విడిగా ప్రతిపాదన పెట్టండి అన్నారు. ఇది మామూలు పద్ధతే. ఏడాది మధ్యలో పద్దు చాలకపోతే ఇంకో పద్దులో మిగిలిన దాన్ని మళ్లించవచ్చు, లేదా రాజ్యాంగం 205వ అధికరణ కింద అనుబంధ పద్దులు పెట్టి సభ అనుమతి తీసుకోవచ్చు. బయటికి వచ్చాక కమిషనర్ గారు నా భుజం తట్టి "మంచి పని చేశారు" అన్నారు. నా సర్వీసులో నాకు బాగా గుర్తున్న మెప్పు అది. ఆ వార్డెన్‌కు ఫోన్ చేసి చెప్పాను.

ఇంకో సంగతి. ఒకే పథకం డబ్బు బడ్జెట్‌లో ఒకే చోట ఉండదు. 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో నిధులు చూపించాలి. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో ఎస్సీలు 15.45 శాతం, ఎస్టీలు 9.08 శాతం. అందుకని ప్రతి పెద్ద పథకం మూడు ముక్కలుగా కనిపిస్తుంది. ఎస్సీలకు 789 మైనర్ హెడ్ కింద, ఎస్టీలకు 796 కింద, మిగతాది మామూలు హెడ్ కింద. ఒక్కటే చూసి "ఈ పథకానికి ఇంతేనా" అనుకునేవాళ్లను, మూడూ కలిసిన పెద్ద అంకె చూసి "ఇంతా దళితులకే" అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఆ చట్టంలో నాకు నచ్చిన అంశం, ఖర్చు కాకుండా మిగిలిన ఆ నిధిని తర్వాతి ఏడాదికి కలపాలన్నది. మిగతా పద్దుల్లో మార్చి 31 రాత్రి మిగిలింది మురిగిపోతుంది.

అధికారుల స్థాయి చర్చల తర్వాత మంత్రుల స్థాయిలో సమీక్షలు జరుగుతాయి. అక్కడ మాలాంటి వాళ్లం ఉండం. పేషీ నుంచి ఫోన్ వస్తే ఒక అంకె చెప్పడం, ఒక పేజీ నోట్ పంపడం వరకే. కొత్త పథకాలు ఎక్కువగా అక్కడే పుడతాయి. ఒక్కోసారి ఒక పద్దు టోకెన్ ప్రొవిజన్‌గా వస్తుంది, అంటే నామమాత్రంగా కొద్ది మొత్తం పెట్టి తలుపు తెరిచి ఉంచడం. హెడ్ ఆఫ్ అకౌంట్ అంటూ ఉంటే తర్వాత డబ్బు మళ్లించవచ్చు, అసలు హెడ్డే లేకపోతే ఏమీ చేయలేం. అందుకే కొత్త పథకం పేరు బడ్జెట్ పుస్తకంలో ఎక్కితే అంకె చిన్నదైనా నేను సంతోషించేవాణ్ని.

అసెంబ్లీ ఘట్టం అందరూ టీవీలో చూసేదే కాబట్టి తొందరగా చెప్తాను. బడ్జెట్ రోజు పొద్దున మంత్రివర్గం ఆమోదిస్తుంది. గవర్నర్ సిఫారసు లేకుండా పద్దులు సభలో పెట్టడానికి వీల్లేదు. 2023 జనవరిలో ఆ విషయం మీద రాష్ట్రం హైకోర్టుకు వెళ్లింది, రెండు వైపులా మాట్లాడుకుని సర్దుకున్నాక ఆ ఫిబ్రవరి 6న బడ్జెట్ వచ్చింది. 2025 మార్చి 19న ఉప ముఖ్యమంత్రి మల్లు భట్టి విక్రమార్క గారు శాసనసభలో, మంత్రి శ్రీధర్ బాబు గారు మండలిలో బడ్జెట్ పెట్టారు. మొత్తం 3,04,965 కోట్లు. అందులో రెవెన్యూ వ్యయం 2,26,982 కోట్లు, మూలధన వ్యయం 36,504 కోట్లు. మిగతా 41 వేల కోట్ల పైచిలుకు అప్పుల అసలు తీర్చడానికీ, ప్రభుత్వం ఇచ్చే రుణాలకూ. ఆ తర్వాత సాధారణ చర్చ, డిమాండ్ల మీద, అంటే శాఖల వారీగా అడిగే మొత్తాల మీద, ఓటింగు. వడ్డీలు, హైకోర్టు జడ్జీల జీతాల వంటివి ఓటింగ్‌కు రావు. మిగతావాటి మీద ప్రతిపక్షం కోత తీర్మానాలు ఇస్తుంది. గడువు రోజు వచ్చేసరికి చర్చకు రాని డిమాండ్లన్నిటినీ కలిపి గిలెటిన్ చేసి ఓటుకు పెడతారు. మా డిమాండ్ చర్చకు వచ్చిన ఏళ్లున్నాయి, గిలెటిన్‌లో పోయిన ఏళ్లున్నాయి. చర్చకు వచ్చిన ఏడాది ఒక ఎమ్మెల్యే లేచి తన నియోజకవర్గంలోని హాస్టల్ పేరు చెప్పి అక్కడ బాత్రూములు లేవని అడిగితే, మరుసటి వారమే ఆ ఫైలు కదిలింది. అందుకే గిలెటిన్ అంటే నాకు బాధ. చివరికి ద్రవ్య వినిమయ బిల్లు, అంటే ఖజానా నుంచి ఆ డబ్బు తీయడానికి అనుమతినిచ్చేది. మండలికి దాన్ని మార్చే వీల్లేదు, 14 రోజులకు మించి ఆపే వీలూ లేదు.

సమయానికి పాస్ కాకపోతే ఏమవుతుందో పక్క రాష్ట్రంలో చూశాం. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికల ముందు నాలుగు నెలలకు ఓటాన్ అకౌంట్, ప్రభుత్వం మారాక ఇంకో నాలుగు నెలలకు ఆర్డినెన్స్, పూర్తి బడ్జెట్ నవంబర్ 11న. ఉమ్మడి రాష్ట్రంలో నాతో పనిచేసి అమరావతికి వెళ్లిన మిత్రుడు ఆ ఏడాదంతా "అన్నా, కొత్త పని ఒక్కటీ ఎత్తుకోలేకపోతున్నాం" అనేవాడు. ఓటాన్ అకౌంట్ మీద జీతాలూ నడుస్తున్న పనులూ సాగుతాయి, కొత్తవాటికి చెయ్యి రాదు.

బిల్లు పాసై ఏప్రిల్ 1 వచ్చాక అసలు పని. బడ్జెట్‌లో ఉన్నంత మాత్రాన డబ్బు చేతిలో ఉన్నట్టు కాదు. విడతల వారీగా ఆర్థిక శాఖ బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ ఇవ్వాలి, దాన్నే బీఆర్వో అంటాం. దాన్ని మేం జిల్లాలకు పంచాలి, వాళ్లు డీడీవోలకు పంచాలి, డీడీవో బిల్లు పెట్టాలి, ట్రెజరీ పాస్ చేయాలి, ఆపైన ఖజానాలో ఆ రోజు నగదు ఉండాలి. ఆ ఏడాది జూన్‌లో బడులు తెరిచే లోపు మొదటి విడత జిల్లాలకు చేరేటట్టు మా సెక్షన్‌లో అందరం పట్టుబట్టి పనిచేశాం. పంపకం పట్టికలో హాస్టల్ వారీగా కొత్త రేటు కట్టి పంపాం, జిల్లాల్లో ఎవరూ పాత రేటు మీద సర్దకుండా.

ఇదంతా ఎందుకు రాశానంటే, బడ్జెట్ పత్రాలు ఇప్పుడు ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ దొరుకుతాయి. విలేకరులు, ఉపాధ్యాయ సంఘాలు, విద్యార్థి సంఘాల పిల్లలు వాటిని చూడాలని నా కోరిక. చూసేటప్పుడు వచ్చే ఏడాది అంచనా ఉన్న చివరి గడి దగ్గర ఆగిపోకండి. పేజీ తల మీద అంకెలు వేలల్లోనా లక్షల్లోనా అన్నది ముందు చూసుకోండి. మీకు కావలసిన పథకాన్ని మామూలు హెడ్ కిందా, 789 కిందా, 796 కిందా, మూడు చోట్లా వెతికి కలపండి. ఆ పైన మొదటి గడిలో వాస్తవ ఖర్చు చూడండి, రెండేళ్ల కిందటి పుస్తకం తెరిచి అదే ఏడాదికి అప్పట్లో ఎంత చెప్పారో దాని పక్కన పెట్టండి. తేడా ఉంటే, అది అవసరం లేక మిగిలిందా, బిల్లులు ఆగి మిగిలిందా అని ఆ శాఖను సమాచార హక్కు కింద అడగండి. నెలల వారీగా పెండింగ్ టోకెన్ల జాబితా అని స్పష్టంగా రాసి అడగండి, ఉత్తినే బకాయిలెంత అని అడిగితే మొత్తం అంకె ఒక్కటి ఇచ్చి ఊరుకుంటారు. డైట్ చార్జీలు పెరిగిన 2024-25 సంవత్సరపు వాస్తవ లెక్క 2026-27 పుస్తకంలో మొదటి గడిలో ఉంటుంది. మీ జిల్లాలో ఒక్క హాస్టల్‌కైనా వెళ్లి, వార్డెన్ దగ్గరున్న బిల్లులను ఆ లెక్కతో పోల్చి చూడండి.